పాడె మీద నా మొదటి డైరెక్షన్

సినిమాల్లో వేషం కోసం హైదరాబాద్ వచ్చే కుర్రాళ్ళంతా స్టూడియోలకు దగ్గరగా గది వెతుక్కుంటారు. ఆ రోజుల్లో నాకంత తెలివి ఎక్కడ ఏడ్చింది! బరంపురం నుంచి వస్తున్న వాణ్ణి, బస్సు ఎల్బీనగర్‌లో ఆగగానే సగం మంది సామాన్లు సర్దుకుని దిగిపోవడం చూసి, హైదరాబాద్ అంటే ఇదే కాబోలనుకుని నేనూ దిగేశాను. కండక్టర్ చెప్పలేదు, నేను అడగలేదు. సినిమా ప్రపంచమంతా ఊరికి ఆ చివర ఉందని తెలిసేసరికి కొత్తపేటలో ఒక మేడ మీద గది తీసుకోవడం, బకెట్టూ చాపా కొనుక్కోవడం కూడా అయిపోయింది. బకెట్టు కొన్నాక ఇక పేట మారడం ఏమిటని అక్కడే ఉండిపోయాను. (నా జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాంటి కారణాల మీదే జరిగాయి.) రోజూ పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ వచ్చి బస్సు పట్టుకునేవాణ్ణి. నడిరోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న కాలం అది. మూసారాంబాగ్ దాటేలోపే ముఖం మీద దుమ్ము ఒక కోటింగ్ పడేది. స్టూడియో చేరేసరికి మేకప్ అతనికి నా ముఖం మీద చెయ్యడానికి పెద్దగా పనేమీ మిగిలేది కాదు.

మా ఓనరమ్మది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెటూరు. పెద్ద బొట్టు, అంతకన్నా పెద్ద గొంతు. మొదటి రోజే నన్ను వాకిట్లో నిలబెట్టి విచారణ చేసింది.

“ఏ ఊరు పిలగా నీది?”

“బరంపురం అండి. ఒడిశా.”

“ఒడిశానా? మరి తెలుగెట్ల మాట్లాడుతున్నవ్?”

“ఇంట్లో తెలుగేనండి. బడిలో ఒడియా.”

“అంటే ఆంధ్రోనివి గావు, తెలంగాణోనివి గావు.”

“కాదండి.”

ఆవిడ “మంచిగయింది తియ్యి, ఎవలతోని పంచాది లేదు” అని తాళంచెవి చేతిలో పెట్టింది. ఆవిడకు లేని పంచాయతీ సినిమా వాళ్ళకు వచ్చింది. నా మాట ఏ జిల్లాదో ఎవరికీ అంతు పట్టేది కాదు. నోరు తెరవగానే “ఇదేం యాసయ్యా బాబూ” అనేవారు. అందుకని అందరూ ఏకగ్రీవంగా నాకు మాటలు లేని వేషాలు ఇచ్చారు. పెళ్ళి సీన్లో వెనక వరుసలో అక్షింతలు వేసేవాణ్ణి. ఆసుపత్రి సీన్లో ముఖమంతా కట్టు కట్టుకుని పడుకునేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే ఎంతసేపైనా కదలకుండా ఉంటానని జూనియర్ ఆర్టిస్టులను సప్లై చేసే ఏజెంటన్న ఒకరోజు కనిపెట్టాడు. అప్పట్నించి ఏ సినిమాలో ఎవరు పోయినా నాకు ఫోను వచ్చేది. “భాయ్, రేపు పీనుగ ఏషం, ఖాళీగున్నవా?” అని అడిగేవాడు. శవానికి డైరీ ఏముంటుంది, ఖాళీగానే ఉండేవాణ్ణి.

ఈ సంగతి బరంపురంలో తెలియదు. అక్కడ మా చిన్నాన్నకు మందుల షాపు ఉంది. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. నేను బయలుదేరేటప్పుడు ఆయన ఒకే షరతు పెట్టాడు. “దసరా దాకా చూస్తాను. తెర మీద ఒక్కటంటే ఒక్క మాట మాట్లాడావా, ఇక నీ ఇష్టం. మాట్లాడలేదా, తిరిగొచ్చి షాపులో కూర్చో.” నేను సరేనన్నాను. మాట్లాడ్డమే కదా, నోరు ఉన్నవాడికి అదెంత పని అనుకున్నాను. చూస్తుండగానే వినాయక చవితి వచ్చింది, బాలాపూర్ లడ్డూ వేలం అయిపోయింది, వినాయకులంతా నీళ్ళలో కలిసిపోయారు. దసరా ముంచుకొస్తోంది, నేనేమో ఇంకా తెర మీద పోతూనే ఉన్నాను. ఫోను చేసినప్పుడల్లా చిన్నాన్న, “మాట్లాడావా?” అనేవాడు. “రేపో మాపో” అనేవాణ్ణి. ఆ ఫోను పెట్టేశాక మేడ మీద నీళ్ళ ట్యాంకు ముందు నిలబడి రకరకాల డైలాగులు చెప్పుకునేవాణ్ణి. ట్యాంకులో గొంతు కాస్త గంభీరంగా తిరిగి వచ్చేది. నా నటనకు ఆ రోజుల్లో దక్కిన స్పందన అదొక్కటే.

ఓనరమ్మకు మాత్రం నేను పెద్ద యాక్టర్ని. “మా మీది అర్రల సినిమాల ఏసే పిలగాడుంటడు” అని వీధంతా చాటింది. రోజూ సాయంత్రం వేడి వేడి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పైకి పంపేది. నేను పుట్టి పెరిగింది అన్నం మీద. జొన్నరొట్టె నాకు గొంతు దిగేది కాదు. చెంబెడు నీళ్ళతో ఎలాగో మింగి, కంచం కడిగి పట్టుకెళ్ళి “చాలా బాగుందండి” అనేవాణ్ణి. ఆ మర్యాద ఫలితంగా మర్నాడు రెండు వచ్చేవి.

అలాంటి సమయంలో ఏజెంటన్న ఒక వార్త తెచ్చాడు. ఒక చిన్న సినిమాకు నిశ్చితార్థం సీను తియ్యాలి, వాకిలీ తులసికోటా ఉన్న పాత ఇల్లు ఒకరోజుకు కావాలి. “నీ ఓనర్ ఇల్లు ఇప్పిస్తే నీకు మాటున్న ఏషం” అన్నాడు. మాట ఇదీ: పెళ్ళికొడుకు తమ్ముడిగా నేను ఒక పళ్ళెం పట్టుకుని వచ్చి, పెళ్ళికూతురి అన్నతో “బావగారూ, కాఫీ తీసుకోండి” అనాలి. మూడే పదాలు. ఆ మూడు పదాలు నా తలరాత మారుస్తాయి కదా! ఓనరమ్మను అడిగితే ఎగిరి గంతేసింది. “పెత్రమాస ముందల, పెద్దలకు బియ్యమిచ్చే దినాలల్ల నిశ్చితార్థమేందని అనుకున్న గని, సినిమోళ్ళకు మంచిరోజులు చెడ్డరోజులు ఉంటయా!” అని ఒప్పేసుకుంది. షూటింగ్ రోజుకు ఇల్లంతా కడిగి, గడపలకు పసుపు రాసి, మామిడాకుల తోరణాలు కట్టి, గంగాళం నిండా పులిహోర కలిపింది. ఊరి నుంచి వదినను, ఆవిడ చెల్లెళ్ళను పిలిపించింది. అందరూ పట్టుచీరలు కట్టుకుని అరుగు మీద వరుసగా కూర్చున్నారు. ఓనరమ్మ వాళ్ళాయన బస్సు డ్రైవరు. “ఊఁ”, “ఆఁ” తప్ప మాట్లాడని మనిషి. ఆయన కూడా పొద్దున డ్యూటీకి వెళుతూ, “నిశ్చితార్థం టైంకు ఒస్త” అని ఏకంగా ఒక వాక్యం మాట్లాడాడు. నేనైతే తెల్లవారక ముందే లేచి ట్యాంకుకు కాఫీ ఇస్తూ కూర్చున్నాను. ఒకసారి వినయంగా, ఒకసారి కొంటెగా, ఒకసారి అన్నగారి మీద అభిమానం గుండెల్లో దాచుకుంటున్నట్టుగా.

యూనిట్ వచ్చింది. వ్యాన్లు వచ్చాయి. హీరోయిన్ రాలేదు. ఆమెకు ఆ పూట ఒంట్లో బాగాలేదట, పెళ్ళికూతురు లేని నిశ్చితార్థం ఎలా తీస్తారు? డైరెక్టర్ గారు కొత్తవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, ముఖం వేలాడేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. నిర్మాత ఫోనులో అరిచాడు. ఆఖరికి, ఇల్లు ఎలాగూ చేతిలో ఉంది కనుక ఈ ఇంట్లోనే తియ్యాల్సిన ఇంకో సీను ఈ రోజే తీసేద్దామని నిర్ణయించారు. ఆ ఇంకో సీను ఏమిటంటే, పెళ్ళికొడుకు తమ్ముడి చావు. అంటే నాది! కాఫీ సీను మళ్ళీ ఎప్పుడు తీస్తారని అడిగాను. “అదెందుకిక, కట్” అన్నాడు డైరెక్టర్ గారు. నా మూడు పదాలూ అలా గాలిలో కలిసిపోయాయి. నేను నోరు తెరవకుండానే మళ్ళీ పోవలసి వచ్చింది, అదీ సొంత గది ఉన్న ఇంట్లో.

ఆర్ట్ వాళ్ళు వ్యాన్లోంచి వెదురు బొంగులు, కొబ్బరి మట్టలు, కుండా దించారు. అరుగు మీద పట్టుచీరలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

“గిదేంది?” అంది ఓనరమ్మ.

“పాడె అండి” అన్నాడు ఆర్ట్ కుర్రాడు మర్యాదగా.

ఆ తర్వాత ఆవిడ అన్న మాటల్లో రాయదగినవి కొన్నే ఉన్నాయి. “నిశ్చితార్థమని జెప్పి నా ఇంట్ల పాడె గడ్తరా? పొద్దుగాల తోరణం గట్టిన చేతుల్తోని పీనుగను ఎల్లదియ్యాల్నా? నాలుగొద్దులైతె బతుకమ్మ ఒస్తుంది, గీ వాకిట్ల పూలు వేర్చాల్నా, పీనుగ ముందల అగ్గికుండ పట్టాల్నా? తియ్యుండ్రి సామాన్లు!” అని నా వైపు తిరిగి, “నువ్వు గూడ నీ చాపా బకెట్టూ తీస్కో!” అంది. ఏజెంటన్న నా చెవి దగ్గరకు వచ్చి, “గీ షూటింగ్ ఆగిందనుకో, ఇల్లు జూపించింది నువ్వే. రేపట్నించి నీకు పీనుగ ఏషం గూడ దొరకది” అన్నాడు. గది పోతోంది, పని పోతోంది, మాట్లాడే వేషం అప్పుడే పోయింది. బరంపురంలో మందుల షాపు ముందు కుర్చీ ఒకటి ఖాళీగా నాకోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు ముందుకొచ్చినవాడు కెమెరా బాబాయి. ఆయన మా యూనిట్లో పెద్దాయన, గుంటూరు వైపు మనిషి, అందరికీ బాబాయే. “అమ్మా, ఒక్కమాట వినండి. మా సినిమా వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. చచ్చిపోయిన సీను తీశాక ఆ మనిషి లేచి కెమెరా వైపు చూసి నవ్వుతాడు. ఆ నవ్వు కూడా తీస్తాం. నవ్వాడంటే దోషం పోయినట్టే. మనిషికీ, ఇంటికీ, అందరికీ.” ఇది నిజమే. నేను చచ్చిన ప్రతి సినిమాలోనూ చివర ఒక నవ్వు నవ్వే ఇంటికి వచ్చాను. ఓనరమ్మ అరుగు వైపు చూసింది. ఊరి నుంచి వచ్చిన వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, “నవ్వితె పోతదేమోలే వదినా” అని తీర్పు చెప్పింది.

ఓనరమ్మ మెత్తబడింది కానీ షరతులు పెట్టింది. పాడె వాకిట్లోనే ఉండాలి, గడప తాకకూడదు. తోరణాలు ఆవిడే తన చేతులతో విప్పుతుంది. “ఇగ నవ్వు సంగతి. ఉత్తుత్తి నవ్వు నడ్వది. నా కండ్ల ముందల, పండ్లు కనబడేటట్టు నవ్వాలె. పీనుగ నవ్వందే గేటు తియ్య. మీ కెమెరా గూడ ఈన్నే ఉంటది, మీరు గూడ ఈన్నే ఉంటరు” అని గేటుకు తాళం వేసి చెవి నడుముకు దోపుకుంది. నవ్వడమెంతసేపు అనుకుని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

నన్ను పాడె మీద పడుకోబెట్టారు. ముఖానికి పసుపు పూశారు, ముక్కులో దూది పెట్టారు, గడ్డం కిందినుంచి నడినెత్తికి గుడ్డ కట్టారు, బంతిపూల దండలు వేశారు. ముక్కు మూసుకుపోయింది కాబట్టి పళ్ళ సందులోంచి ఊపిరి తీసుకోవాలి. (శవం వేషంలో అసలు కష్టం చావడం కాదు, బతికి ఉండడం.) ఏడవడానికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు నలుగురు కంట్లో గ్లిజరిన్ వేసుకుని ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. డైరెక్టర్ గారు, “సటిల్‌గా కావాలండీ. లోపల్లోపల ఏడవాలి” అంటున్నాడు. ఎన్నిసార్లు తీసినా ఆయనకు నచ్చలేదు. ఇంతలో నిర్మాత మళ్ళీ ఫోను చేశాడు. డైరెక్టర్ గారు చెవి దగ్గర ఫోను పెట్టుకుని, వాదించుకుంటూ మేడ మెట్లెక్కి నా గది వైపు వెళ్ళిపోయాడు. కెమెరా ఆపమని ఎవరూ చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ఓనరమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

“గిదేం ఏడుపు? జలుబు జేసినట్టున్నది. లోపల్లోపల ఏడిస్తే పోయినోనికి ఎట్ల ఇనబడ్తది?” అంటూ కొప్పు విప్పుకుని దిగింది. అరుగు మీది పట్టుచీరలన్నీ ఆవిడ వెంట దిగాయి. వాళ్ళ ఊళ్ళలో చావు దగ్గర శోకాలు పెట్టడం ఒక పద్ధతి. ఊరికే కన్నీళ్ళు కార్చరు, పోయిన మనిషి మంచీ చెడ్డా వరసగా రాగంలో చెప్పి ఏడుస్తారు. ఓనరమ్మ గుండెల మీద ఒకటి కొట్టుకుని “కొడుకా...” అని ఎత్తుకునేసరికి గ్లిజరిన్ వాళ్ళు నలుగురూ భయపడి పక్కకు జరిగారు. ఇంత గొప్ప ఏడుపు ఏ సినిమాలోనూ నా మీద ఎవరూ ఏడవలేదు. కనురెప్పల సందులోంచి చూశాను కదా, నా గుండె ఆగిపోయింది. ఆవిడ కెమెరాకు వీపు పెట్టి కూర్చుంది! ఆ మహా శోకమంతా వెనక గోడకు వెళ్ళిపోతోంది.

ఆ క్షణంలో నాకేమైందో తెలియదు. మాటలు ఎలాగూ తర్వాత డబ్బింగులో పెడతారు, ఇక్కడేం మాట్లాడినా తీసేస్తారన్న ధైర్యం ఒకటి. పెదవులు కదలకుండా పళ్ళ సందులోంచి అన్నాను. “అమ్మా, నా తల దగ్గరకు రండి. తులసికోట వైపు.”

ఓనరమ్మ రాగం తప్పలేదు. “ఒస్తున్న కొడుకా... తులసమ్మ దిక్కు ఒస్తున్న కొడుకా...” అంటూ ఏడుస్తూనే జరిగింది.

“ఆ పచ్చచీర ఆవిణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనండి.”

“పచ్చచీర వదినా... కొడుకు కాళ్ళకాడ కూసోరాదే వదినా...”

వదిన వచ్చి కాళ్ళ మీద పడింది. కెమెరా బాబాయికి సంగతి అర్థమైపోయింది. ఆయన కెమెరా భుజానికెత్తుకుని మెల్లగా నా పక్కకు వంగి, “తర్వాతేంటి నాయనా?” అన్నాడు. ముప్పై సినిమాలు చేసిన మనిషి, శవాన్ని అడిగాడు! నేను చెప్పాను. “ముందు అమ్మ చేతుల మీదకు రా బాబాయ్. ఆ గాజులు చూడు. అక్కణ్ణుంచి ముఖానికి. తొందరపడకు, ఆవిడ తల ఎత్తుతుంది, అప్పుడు.” ఎప్పుడు ఎవరు లేవాలో, ఎవరు ఎవరిని పట్టుకోవాలో, కుండ దగ్గర పొగ ఎటు వదలాలో, అన్నీ కళ్ళు మూసుకునే కనబడుతున్నాయి. నీళ్ళ ట్యాంకు ముందు ఒక్క కాఫీ డైలాగు సరిగ్గా చెప్పలేక చచ్చిన నాకు, ఇంతమంది ఆడవాళ్ళ ఏడుపు ఎటునుంచి ఎటు వెళ్ళాలో ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. నేను నటుణ్ణి కానని, ఇంకేదో అని మొదటిసారి తెలిసింది అక్కడే, ఆ బంతిపూల కింద. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నవ్వు రాకుండా పళ్ళు బిగబట్టాను.

నవ్వు ఆపుకోవలసిన అవసరం ఎంతోసేపు ఉండలేదు. ఓనరమ్మ నా తల దగ్గర స్థిరపడి, అసలు శోకం అందుకుంది.

“ఒంటిగ ఒస్తివి కొడుకా... నా ఇంటి మీద గువ్వోలె ఉంటివి కొడుకా... జొన్నరొట్టె నీకు మింగుడు వడకున్నా, నా మనసు నొస్తదని మింగితివి కొడుకా... నీళ్ళ ట్యాంకుతోని ముచ్చట వెట్టుకుంటివి కొడుకా... తినకపోయినా తిన్ననని మీ ఇంటికి ఫోన్ల జెప్తివి కొడుకా... గీ పట్నంల నీకెవలున్నరు కొడుకా, నేను గాక...”

ఈ ఊళ్ళో నన్నెవరూ చూడటం లేదని నేను అనుకుంటున్నాను. ఆవిడ అన్నీ చూసింది. రొట్టె సంగతి కూడా తెలుసు! తెలిసీ రెండు పంపింది, ఒకటైనా కడుపులోకి వెళుతుందని. నా మూసిన కంట్లోంచి ఒక చుక్క జారి చెవి వైపు వెళ్ళిపోయింది. శవం ఏడిస్తే షాటు పోయినట్టే. కానీ ఓనరమ్మ దాన్ని చూసి, ఏమాత్రం ఆగకుండా కొంగుతో నా కన్ను తుడిచి, చెంప మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. కెమెరా బాబాయి ఆ చెయ్యి మీదే నిలిచిపోయాడు.

మెట్లు దిగి వచ్చిన డైరెక్టర్ గారు ఇదంతా ఎప్పట్నించి చూస్తున్నాడో తెలియదు. మానిటర్ దగ్గరకెళ్ళి మొదటినుంచి వేయించుకుని చూశాడు. “ఇదెవరు కంపోజ్ చేశారు?” అన్నాడు. కెమెరా బాబాయి పాడె వైపు వేలు చూపించాడు. “శవమా?” అన్నాడాయన. నేను కళ్ళు తెరవకుండానే, “సార్, కట్ చెప్పండి. ముక్కులో దూది దురద పెడుతోంది” అన్నాను.

ఇక మిగిలింది నవ్వు. లేచి కూర్చున్నాను, కెమెరా నా వైపు తిరిగింది, “నవ్వు నాయనా” అన్నాడు బాబాయి. నవ్వబోతే ఏడుపొచ్చింది. మళ్ళీ పడుకుని మళ్ళీ లేచాను, మళ్ళీ ఏడుపే. ఏజెంటన్న కోతి చేష్టలు చేశాడు. డైరెక్టర్ గారు తనకు తెలిసిన జోకు ఒకటి చెప్పాడు, అది విని మిగతావాళ్ళకు కూడా ఏడుపొచ్చింది. ఎండ తగ్గిపోతోంది. ఓనరమ్మ గేటుకు అడ్డంగా నిలబడి, “నవ్వు బిడ్డా, ఒక్కపారి నవ్వరాదు” అని బతిమాలుతోంది. ఆ ‘బిడ్డా’ వినగానే మళ్ళీ మొదలు. “ఇంకోసారి చూద్దాం, పడుకో. కెమెరా తిప్పుతూనే ఉంటాను” అన్నాడు బాబాయి. పడుకున్నాను.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడైంది. ఓనరమ్మ తాళం తీసి ఎవరినో లోపలికి రానిచ్చి మళ్ళీ వేసింది. వచ్చింది వాళ్ళాయన. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చంకలో రంగు కాగితం చుట్టిన పెట్టె. సినిమా నిశ్చితార్థమైనా నిశ్చితార్థమే, ఉత్త చేతులతో పోకూడదని ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఒక గోడ గడియారం కొనుక్కొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది? తోరణాల్లేవు. పెళ్ళాం జుట్టు విరబోసుకుని ఉంది, కళ్ళు వాచాయి. వదిన గోడకానుకుని కూర్చుంది. వాకిట్లో పాడె, దాని మీద పొద్దున తనతో మాట్లాడిన కిరాయి పిలగాడు. కెమెరా తులసికోట వెనక ఉంది, ఆయనకు కనబడలేదు. అది సినిమా అన్న సంగతే మర్చిపోయాడు.

“అయ్యో పిలగా...” అన్నాడు. “పొద్దుగాల నీళ్ళ మోటర్ బంద్ చేసినవ్ గద పిలగా... గింతలనే ఏమాయె...” పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక, రెండు చేతులతో తెచ్చి నా గుండెల మీద పెట్టి దండం పెట్టాడు. పెట్టెలో గడియారం నడుస్తోంది. నా గుండెల మీద టిక్కు టిక్కుమంటోంది. నేను మెల్లగా కళ్ళు తెరిచి, “అంకుల్...” అన్నాను.

అంత లావు మనిషి ఒక్క గంతులో పెళ్ళాం వెనక్కి చేరిపోయాడు. ఆవిడ కొంగు చాటునుంచి తల మాత్రం బయటపెట్టి, “గడియారం నువ్వే ఉంచుకో పిలగా! నా జోలికి మాత్రం రాకు!” అన్నాడు.

అంతే. పొట్ట పట్టుకుని నవ్వాను. గడ్డానికి కట్టిన గుడ్డ ఊడిపోయింది, ముక్కులో దూది ఎగిరిపోయింది, పాడె ఒక పక్కకు ఒరిగింది. యూనిట్టంతా పడీ పడీ నవ్వింది. ఓనరమ్మ నా నోట్లోకి వంగి చూసి, “పండ్లు కనబడ్డయ్!” అని కేకేసి గేటు బార్లా తెరిచింది. అందరం వాకిట్లో కూర్చుని పులిహోర తిన్నాం. ఓనర్ అంకుల్ మాత్రం ఆ పూటంతా నాకు దూరంగానే కూర్చున్నాడు. వెళుతూ వెళుతూ డైరెక్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, “రేపట్నించి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లోకి వచ్చెయ్. ఈసారి నిలబడి పని చెయ్యి” అన్నాడు. ఆయన మంచివాడు. నా కన్నా చిన్నవాడైనా నాకు గురువు.

ఆ సాయంత్రమే బరంపురానికి ఫోను చేశాను. “మాట్లాడావా?” అన్నాడు చిన్నాన్న. “లేదు చిన్నాన్నా. మాట్లాడించాను” అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “అయితే అక్కడే ఉండు. షాపు నేను చూసుకుంటాలే” అన్నాడు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. ఆ సినిమాకు డబ్బింగులో ఒక చిక్కొచ్చింది. ఓనరమ్మ శోకాన్ని మళ్ళీ ఎవరూ ఏడవలేకపోయారు. ఆవిణ్ణే స్టూడియోకు తీసుకెళితే, మైకు ముందు నిలబడి, “పీనుగ లేకుంట ఎట్ల ఏడుస్త?” అంది. అసిస్టెంట్ డైరెక్టర్‌గా నా మొదటి ఉద్యోగం ఆ ఏసీ గదిలో నేల మీద వెల్లకిలా పడుకోవడం.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి వెళ్ళిపోయింది, నేను వెళ్ళలేదు. ఈమధ్యనే, దర్శకుడిగా నా పేరు పడిన మొదటి సినిమా విడుదలైంది. దిల్‌సుఖ్‌నగర్ థియేటర్లో పొద్దుటి ఆటకు ఒక వరసంతా మనవాళ్ళే. చిన్నాన్న బరంపురం నుంచి వచ్చి ఎల్బీనగర్‌లోనే దిగాడు. ఓనరమ్మ, అంకుల్, వదిన, వదిన చెల్లెళ్ళు పట్టుచీరల్లో వచ్చారు. అందులో ఒక చావు సీను ఉంది. ఆ శవం వేషం సెంటిమెంటుగా నేనే వేసుకున్నాను. ఆట అయిపోయేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఎవరో నన్ను ఎత్తుకున్నారు. చిన్నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పేర్లన్నీ అయిపోయి తెర తెల్లగా మిగిలింది, హాలు ఖాళీ అయింది. ఓనరమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ లేవలేదని ఆ వరసలో ఎవరూ లేవలేదు.

“అమ్మా, సిన్మా అయిపోయింది. లేవుండ్రి” అన్నాడు టార్చిలైటతను.

“అయిపోలె” అంది ఓనరమ్మ. “మా పిలగాడు ఇంకా నవ్వలె.”

“షూటింగప్పుడే నవ్వానమ్మా” అన్నాను నేను. “సెట్లో నవ్వుతాం, సినిమాలో పెట్టం.”

“నేను సూడలె గద.”

ఆవిడతో వాదించి గెలిచినవాడు లేడు. నేను ముందుకెళ్ళి ఆ పెద్ద తెల్ల తెర ముందు నిలబడ్డాను. తుడవడానికి వచ్చినవాళ్ళు చీపుర్లు ఆపి చూస్తున్నారు. అంకుల్ ఎందుకైనా మంచిదని ఒక కుర్చీ వెనక్కి జరిగాడు. ఆయనిచ్చిన గడియారం ఇప్పుడు నా ఆఫీసు గోడ మీద ఉంది. దాని కింద కూర్చునే ఈ సినిమా రాసుకున్నాను. ఇది ఎల్బీనగరే, ఊరు ఇంకా ముందుందని ఆ రోజు కండక్టర్ నాతో చెప్పి ఉంటే ఏమయ్యేవాణ్ణో! బకెట్టు కొన్నానని ఈ పేటలో ఆగిపోయిన ఆ బరంపురం కుర్రాడు గుర్తొచ్చాడు. మూడు పదాల కోసం ట్యాంకుకు కాఫీ ఇచ్చి ఇచ్చి అలసిపోయినవాడు. వాడి మీద జాలేసింది, ముద్దొచ్చింది. వాణ్ణి తలుచుకుంటే నవ్వు దానంతట అదే వచ్చేసింది.

ఓనరమ్మ మెడ సాచి నా పళ్ళు చూసుకుంది. కొంగుతో ఒకసారి కళ్ళు ఒత్తుకుని లేచి నిలబడింది.

“నవ్విండు. ఇగ పోదాం పాండ్రి.”